వంతు బంగ్లా

"ఏరు దాటి పోదమన్న ఎర్రచీర పిల్లా,
ఏటికవతల ఏమున్నదొ ఎరుకనేనా పిల్లా…"

ఇక్కడికి రాగానే సౌభాగ్యమ్మకు పాట తెగిపోతుంది. చిన్నతనంలో నాట్లేసే ఆడవాళ్ళ వెంట పాడిన పాట. ఎర్రచీర పిల్ల ఏరు దాటిందో, గట్టు మీదనే నిలబడ్డదో ఎంతకూ యాదికి రాదు. అయినా పొద్దున్నే రంజన్ కడిగి, బావి నుంచి తెచ్చిన నీళ్ళు వడగట్టి పోసేటప్పుడు ఆ రెండు ముక్కలూ వాటంతటవే నోటికొస్తాయి. నీళ్ళు పోసి, మూత పెట్టి, వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసి, చాయ కాచి, అప్పుడు మళ్ళీ రంజన్ దగ్గరికి వచ్చి ఒక లోటా ముంచుకొని తాగి చూస్తుంది. బావి నీళ్ళు ఆ మట్టికుండలో కొంచెంసేపు ఉంటే చాలు, ఆమె, ఆమె పెనిమిటి పేతురు తర్వాత ఏ ఊరికి పోబోతున్నారో ఆ ఊరి నీళ్ళ రుచికి వస్తాయి.

పేతురు నౌకరి మానిన ఏడాది నుంచీ అంతే. సాగర్ డ్యాం చూడబోయే ముందు నీళ్ళలో పచ్చి సిమెంటు వాసన వచ్చింది. భద్రాచలం ముందు గోదావరి ఒండ్రు తీపి. వేలూరు ముందు నాలుకకు ఇనుము తగిలింది. ముందు వాళ్ళు అనుకుంటే నీళ్ళు మారేవా, నీళ్ళు మారితే వాళ్ళు అనుకునేవాళ్ళా అని ఆ గల్లీలో ఎవరూ అడగలేదు. గల్లీ వాళ్ళ బాధ వేరే. బావి నీళ్ళకు కందిపప్పు మెత్తబడదని పక్కింటి బాలనర్సమ్మ రోజూ ఈ రంజన్ నీళ్ళే పట్టుకపోతుంది. సముద్రం దిక్కు ప్రయాణం పడ్డదంటే గిన్నె చంకలో పెట్టుకొని వచ్చి గొణుగుతుంది.

"మల్ల ఉప్పేనా అక్కా. జర గుట్టల దిక్కు పోరాదుండ్రి. మా ఇంట్ల పప్పు ఉడుకక ఎన్ని దినాలైందో."

పేతురు ఇరవై ఎనిమిదేండ్లు మిషన్ వాళ్ళ వ్యాను తోలిండు. దొరసాని డాక్టరమ్మలను, పాస్టర్లను, కాన్పు కష్టమైన ఆడవాళ్ళను, దవాఖానకు పోయే మందుల పెట్టెలను ఊరూరికీ మోసిండు. రాత్రిపూట ఎదురొచ్చే బండ్ల లైట్లు బంతిపూల లెక్క విచ్చుకుంటున్నయని ఒకనాడు మాటల్లో చెప్పిండు. డాక్టరమ్మ ఆయన కండ్లలోకి టార్చి కొట్టి చూసి, చెయ్యి చాపి తాళంచెవి అడిగింది. అట్లా యాభై నిండకముందే ఇంట్లో కూర్చున్నడు. కొడుకు సంగారెడ్డిలో, బిడ్డ జహీరాబాద్‌లో, ఎవరి సంసారాలు వాళ్ళవి.

ఆ ఇరవై ఎనిమిదేండ్లూ సౌభాగ్యమ్మ చర్చి గంట వినబడేంత మేరలోనే తిరిగింది. నలభై దాటినాక స్త్రీల కూటంలో అక్షరాలు నేర్చుకున్నది. బైబిల్లో వాక్యాలు ముందే నోటికొచ్చు కాబట్టి వాటిని చదివినా చదివినట్టు అనిపించలేదు. మొదటిసారి పేతురుతో బస్సులో పోతూ, కిటికీలోంచి ఒక పసుపుపచ్చ బోర్డు మీద 'మనోహరాబాద్' అని కూడబలుక్కొని చదివింది చూడు, అప్పుడు గుండె ఝల్లుమన్నది. తెలియని ఊరు ఎదురొచ్చి తన పేరు తనే చెప్పుకున్నట్టయింది. ఇక అప్పటి నుంచి ఆమె కాలు ఇంట్లో నిలవదు. ఒక ఊరి నుంచి వచ్చి బట్టలు ఉతికి ఆరేసిందో లేదో, రంజన్ మూత తీసి చూడడం మొదలు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తుంది. మంచాలు ఈ గోడ నుంచి ఆ గోడకు జరుపుతుంది. పేతురు నవ్వి, "ఇంట్లనే ఊర్లు తిరుగుతున్నవ్," అని ఊరుకుంటడు.

ఎండలు ముదిరే రోజుల్లో ఇంద్రకరణ్ అనే ఆయన హైదరాబాద్ నుంచి వచ్చిండు. ఏదో ఆఫీసులో పనిచేసి ముందుగానే మానుకున్న మనిషి. బుష్ కోటు, చేతిలో తోలుసంచి, నోట్లో లవంగం. నౌకరి మాని ఊళ్ళు తిరిగేవాళ్ళు ఎక్కడున్నారో ఆయనకు గాలి చెప్పేదేమో, నేరుగా పేతురు వాకిట్లోకే వచ్చిండు. గల్లీ వాళ్ళు నలుగురు చేరినరు. ఆయన చెప్పింది ఏమంటే, భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున పాతకాలపు బంగ్లా ఒకటుంది. దాన్ని ఒక్కరు కొనాలంటే ఎవరి తరమూ కాదు. ఇరవై ఆరు ఇండ్ల వాళ్ళు కలిసి కొంటే, ఇంటికి ఏటా రెండు వారాలు. మంచాలు, వంటసామాను, వంటమనిషి అన్నీ అక్కడే. తమ తర్వాత తమ పిల్లలకు. ఊరూరు తిరిగేవాళ్ళకు సత్రాల వెంట పడే తిప్పలుండవు.

"అంటె చెరువు కింద నీళ్ళ వంతు లెక్క," అన్నడు బాలనర్సమ్మ మొగడు నర్సింగం. ఆయనకు శివ్వంపేట దగ్గర చెరువు కింద ఇంత మడి ఉన్నది. అక్కడ నీరటి తూము ఎత్తి ఒకరి తర్వాత ఒకరికి నీళ్ళు వదులుతడు, ఎవరి వంతు వాళ్ళది.

ఇంద్రకరణ్‌కు ఆ మాట బాగా నచ్చింది. అక్కడి నుంచి ఆయన కూడా వంతు, వంతు అనే అన్నడు. దాంతో వచ్చిన చిక్కల్లా, వాకిట్లో ఉన్న వాళ్ళకు బంగ్లా సంగతి మరీ బాగా అర్థమైపోయింది. చెరువు కింద జరిగేవన్నీ అడగడం మొదలుపెట్టినరు. ఇంట్లో ఎవరికన్నా జ్వరమొస్తే మన వంతు పక్కోడికిచ్చి మళ్ళీ తీసుకోవచ్చునా. క్రిస్మస్‌కు మెదక్ విడిచి ఎవరు పోతరు, ఆ వంతు హిందువులకిచ్చి దసరా వంతు మేం తీసుకుంటే వాళ్ళు బతుకమ్మ విడిచి పోతరా. వానలు పడి పోవడానికి వీలు కాకపోతే ఆ వంతు పైయేటికి కలుస్తదా. ఇంద్రకరణ్ అన్నిటికీ చూద్దాం, చూద్దాం అని లవంగం నమిలి, చివరికి నిజం ఒప్పుకున్నడు. వారం గడిచిందంటే గడిచినట్టే. పోయినా, పోకున్నా సున్నాలకు, పెంకులకు ఏటా ఇంత కట్టాల్సిందే.

"గిదేం వంతు సారూ. నీళ్ళు పారకున్నా నీరటికి వడ్లు పెట్టుడాయె," అని నర్సింగం లేచిండు. ఒక్కొక్కరే దులుపుకొని లేచినరు.

పేతురు లేవలేదు. అంతసేపూ ఏమీ అడగని మనిషి అప్పుడు ఒక్కటే అడిగిండు.

"ప్రతీ ఏడు అదే మంచమా సారూ?"

ఇంద్రకరణ్ కొంచెం తడబడ్డడు. అదే గది, అదే మంచం, అదే కిటికీ అని మెల్లగా చెప్పిండు. ఎక్కడికి పోయినా ఈ ముక్క వినగానే జనం వెనక్కి తగ్గుతరు మరి.

"గట్లయితె మా పేరు రాసుకోండ్రి," అన్నడు పేతురు.

చాయ గ్లాసులు తీస్తున్న సౌభాగ్యమ్మ చెయ్యి ఆగిపోయింది. పరాయి మనిషి గల్లీ మలుపు తిరిగిందాకా ఓపిక పట్టి, లోపలికి వచ్చి గ్లాసులు కింద పెట్టింది.

"ఏమయ్యా, గన్ని ఏండ్లు నువ్వు ఊర్లు తిరిగినవ్. నేను గంట ఇనుకుంట ఈడ కూసున్న. ఇప్పుడు నా వంతు అచ్చిందనంగ తీస్కపోయి ఒక్క మంచానికి కట్టేస్తవా?"

పేతురు కుడిపిక్క రుద్దుకుంటూ, ఒక్కసారి పోయి చూద్దామన్నడు. నచ్చకపోతే లేదు. కొనేటోళ్ళు ముందుగా పోయి నాలుగు దినాలు ఉండి చూడొచ్చని ఇంద్రకరణ్ సారే చెప్పిండు కదా అన్నడు. మర్నాడు పొద్దున రంజన్‌లో నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. బాలనర్సమ్మ గిన్నె ఖాళీగానే తీసుకొని పోయింది.

బంగ్లా నిజంగానే మంచిది. ఎత్తయిన కప్పు, ఎర్ర పెంకులు, వరండా ముందర ఇసుక, ఇసుక అంచున నురుగు. మొదటిరోజు సౌభాగ్యమ్మ చెప్పులు చేతిలో పట్టుకొని చీకటి పడిందాకా తిరిగింది. భీమునిపట్నం అన్న బోర్డు చదివింది. దుకాణాల పేర్లు చదివింది, లైట్‌హౌస్ గోడ మీది రాతలు చదివింది, పాత గోరీల మీద ఏదో పరాయి అక్షరాలుంటే వాటిని వేలితో తడిమింది. రెండోరోజు మళ్ళీ అవే చదివింది. మూడోరోజుకు కిటికీ చువ్వలు ఎన్నో, ఏ పెంకు పగిలిందో, వంటమనిషి ఏ మాటకు దగ్గుతడో అన్నీ తెలిసిపోయాయి. సముద్రం రావడం, పోవడం, రావడం, పోవడం. ఎక్కడికన్నా పోతే బాగుండునని ఆమెకు సముద్రం మీద కూడా చిరాకు వచ్చింది.

ఇదే సంగతి చెప్పి తేల్చేద్దామని మధ్యాహ్నం గదిలోకి వచ్చింది. పేతురు కిటికీ పక్క మంచం మీద నిద్రపోతున్నడు. ఆమె నోరు తెరిచి, ఆయన కాళ్ళ దిక్కు చూసి ఆగిపోయింది.

బస్సులో గానీ రైల్లో గానీ పేతురు కుడికాలు ఊరుకోదు. పాదం ఎత్తి కింద నొక్కుతాడు, వదులుతాడు, మళ్ళీ నొక్కుతాడు. నిద్రపోడు, కండ్లు ముందరి దోవ మీదనే ఉంటాయి. సౌభాగ్యమ్మ ఎప్పుడూ పక్కనే కూర్చొని ఆ కాలు చూసేది, ప్రయాణపు సంబురంలో తాళం వేస్తున్నడని మురిసిపోయేది. తను కూడా దానికి తగ్గట్టు తల ఊపేది. ఇప్పుడు మంచం మీద ఆ కాలు వాలిపోయి ఉన్నది. వేళ్ళు పసిపిల్లవాని వేళ్ళలా విడివడి ఉన్నాయి. పిక్కలో ఎప్పుడూ రాయిలా ఉండే ముడి కనబడలేదు. అప్పుడు ఆమెకు తెలిసింది, అది తాళం కాదు, బ్రేకు. ఇన్నేండ్లుగా ఆమె చూసిన ఊళ్ళన్నిటికీ, ప్రతి మూల మలుపు దగ్గరా, ప్రతి ఎద్దుల బండి అడ్డం వచ్చినప్పుడల్లా, కూర్చున్న చోటి నుంచే ఆయన బండి తోలుతూ వచ్చిండు. నౌకరి మానిందే గానీ ఒక్కనాడూ బండి దిగలేదు.

ఆమె చప్పుడు కాకుండా వచ్చి వరండాలో కూర్చున్నది. సముద్రం రావడం, పోవడం చూస్తూ కూర్చున్నది.

మెదక్‌కు తిరిగి రాగానే, బంగ్లా మంచిగనే ఉన్నది, తీసుకుందామని ఆమే అన్నది. పేతురు నమ్మలేక రెండుసార్లు అడిగిండు. అవునన్నది. వచ్చే ఆదివారం చర్చిలో ప్రార్థన అయినాక ఇంటికి వచ్చి ఇద్దరి సంతకాలూ తీసుకుంటనని ఇంద్రకరణ్ కబురు పంపిండు.

ఎప్పుడూ ఒక ఊరి నుంచి తిరిగి వచ్చిన తెల్లారికే రంజన్ ఆ ఊరిని మరిచిపోతుంది. ఈసారి మరవలేదు. పొద్దున ఉప్పే, మాపున ఉప్పే. తర్వాతి ఊరూ అదే, దాని తర్వాతి ఊరూ అదే అయినప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది. పేతురు ఆ నీళ్ళే తృప్తిగా తాగి మూతి తుడుచుకొనేవాడు. సౌభాగ్యమ్మకు ఎంత తాగినా దూప తీరేది కాదు. రాత్రిళ్ళు లేచి కూర్చునేది. పగలు చేతిలో పని ఉన్నా కాళ్ళు గడప దగ్గరికి పోయేవి. గల్లీలో పోయే లారీల వెనక రాసి ఉన్న ఊళ్ళ పేర్లు, అవి మలుపు తిరిగేలోగా, పెదవులు కదిలిస్తూ చదువుకొనేది. ఇక వీటితోనే సరిపెట్టుకోవాలె అనుకొనేది. ఒకసారి బాలనర్సమ్మ, "ఏందక్కా, లారోల్లకు అప్పిచ్చినవా, గట్ల సూస్తవ్," అని ఎగతాళి చేస్తే నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఆదివారం చర్చి విడిచినాక ఇంద్రకరణ్ వచ్చిండు. తెల్లచొక్కా తీయకుండానే పేతురు స్టూలు వేసి, రంజన్‌లో లోటా ముంచి తెచ్చి ఇచ్చిండు. ఇంద్రకరణ్ గుటక వేసి, అచ్చంగా భీమిలి నీళ్ళే అని సంతోషపడ్డడు. కాగితాలు, కలం తీసి మంచం మీద పరిచిండు. ముందు పేతురు పెట్టిండు సంతకం. తర్వాత కలం సౌభాగ్యమ్మకు ఇచ్చిండు.

ఆమె కలం పట్టుకున్నది. తన పేరులో మొదటి అక్షరం ఎప్పుడూ కష్టమే ఆమెకు, మెలికలూ వంపులూ. దాన్ని మనసులో ఒకసారి దిద్దుకుంటున్నది. అంతలో బాలనర్సమ్మ గిన్నె పట్టుకొని వచ్చింది. ఇయ్యాల చుట్టాలొచ్చిన్రు, ఉప్పు నీళ్ళైనా సరే, పులుసుకైనా పనికొస్తయి, ఇన్ని పొయ్యమన్నది. సౌభాగ్యమ్మకు ఆ ఒక్క నిమిషం ఆలస్యం దేవుడిచ్చినట్టే అనిపించింది. కలం పక్కన పెట్టి లేచి, రంజన్‌లో లోటా ముంచి గిన్నెలో పోసింది.

బాలనర్సమ్మ అలవాటు కొద్దీ వేలు ముంచి నాలుకకు రాసుకున్నది. మళ్ళీ రాసుకున్నది. గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది.

"ఉప్పు లేదు గదా అక్కా. సల్లగున్నయి, మంచులెక్క. ఏదో ఆకు వాసన గొడ్తుంది."

పేతురు లేచి వచ్చి తను ముంచిండు. తాగి, ఉప్పేనన్నడు. ఆయన ముంచిన దాంట్లోంచే బాలనర్సమ్మ తాగింది. ఉప్పే. సౌభాగ్యమ్మ మళ్ళీ ముంచింది. చల్లగా, తేటగా, రాళ్ళ మీద నుంచి దూకి వచ్చినట్టు, పండ్లు జివ్వుమన్నాయి. గోడ అవతలి నుంచి నర్సింగం వచ్చి ఆయనా రెండూ చూసిండు. అతిథి కదా అని ఇంద్రకరణ్‌కూ రెండిట్లోంచీ ఒక్కో గుక్క ఇచ్చినరు. ఆయన లవంగం ఊసి శ్రద్ధగా తాగిండు. ఒకే రంజన్. పేతురు ముంచితే సముద్రం, సౌభాగ్యమ్మ ముంచితే ఎక్కడివో గుట్టలు.

"ఇంగ పప్పుకు రోజు నువ్వే ముంచియ్యాలె అక్కా," అని బాలనర్సమ్మ గిన్నె నింపించుకొని, పొయ్యి మీద ఎసరు మరుగుతున్నదని వెళ్ళిపోయింది.

ఇంద్రకరణ్ కాగితం తన దిక్కు తిప్పుకొని చూసి, అమ్మ సంతకం జాగాలో ఒక గీత గీసిండు. అమ్మ దోవ వేరున్నప్పుడు ఆమె సంతకం తీసుకోవడం ధర్మం కాదన్నడు. కాకపోతే ఒక్కరికి అంత కట్టడం బరువు, సగం పంచుకునే మనిషి ఎవరన్నా ఉన్నారా అని అడిగిండు. నర్సింగం గొంతు సవరించుకున్నడు. చెరువు కింద సగం వంతులు ఉంటయి గదా, నేను పోత పేతురన్న తోడు అన్నడు. ముందటి సారి దులుపుకొని లేచిన మనిషి ఇప్పుడు ఎందుకు ఒప్పుకున్నడో ఆయనకే తెలియదు. ఆ మాట గోడ దాటి బాలనర్సమ్మకు చేరింది. మోకాలిబంటి కాలువలో మునగబోయిన మనిషికి సముద్రం కావల్నట అని అటు నుంచే వినబడ్డది.

అందరూ పోయినాక ఇద్దరే మిగిలినరు. పేతురు తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించిండు. సౌభాగ్యమ్మ లోటా చేతిలో పట్టుకొని రంజన్ పక్కనే నిలబడ్డది, తప్పు చేసిన పిల్లలాగా. భీమిలిలో ఆయన కాలు చూసిన సంగతి చెప్పింది. ఇన్నేండ్లు తాళమనుకున్నానని చెప్పింది.

"ఒక్కనాడన్న చెప్పకపోతివి," అన్నది.

"ఏమని చెప్పాలె. నువ్వు బోర్డులు సదువుకుంట మురుస్తుంటివి. నడుమ నాది బ్రేకు ముచ్చటా?"

"మరి నేనొక్కదాన్ని పోతె నీకు పరేషాన్ కాదా?"

పేతురు ఆలోచించి, అవుతుందన్నడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. కానీ పరేషాన్ కూడా కూర్చున్న చోటనే పడొచ్చు, దానికి బస్సెక్కే పని లేదన్నడు. ఆమెకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. ఆ నీళ్ళు ఏ ఊరివో ఇద్దరికీ తెలియదు. ఇరవై ఎనిమిదేండ్లు దోవలు తిరిగిన ఆయన నాలుకకు కూడా అవి కొత్తే. ఏం చేయాలో ఆయనే చెప్పిండు. సికింద్రాబాద్‌లో రైలెక్కి ఉత్తరం దిక్కు పోవాలె. రైలు ఆగినకాడల్లా నల్లా నీళ్ళు తాగి చూడాలె. ఈ రుచి ఎక్కడ తగిలితే అక్కడ దిగాలె. అంతవరకూ దోవలో వచ్చే బోర్డులన్నీ ఆమెవే.

గల్లీలో మాటలు రాకపోలేదు. మొగడు లేకుండా ఆడమనిషి అంత దూరమా అన్నవాళ్ళున్నరు. కొడుకు సంగారెడ్డి నుంచి వచ్చి ఒక పూట అలిగి, అమ్మ ఇచ్చిన లోటెడు నీళ్ళు తాగి, అంత చలిలో ఎట్ల ఉంటదో ఏమో అని తన స్వెట్టర్ విప్పి ఇచ్చి పోయిండు. బాలనర్సమ్మకు మాత్రం ఒకటే దిగులు. అక్క పోయినాక పప్పు సంగతేమిటని అడిగి, ఒక కాగు నిండా ముంచి పెట్టించుకున్నది.

పోయే పొద్దున బస్టాండులో పేతురు ఆమె సంచి పైన పెట్టి, డ్రైవర్ వెనక కాకుండా మధ్యలో కిటికీ సీటు చూసి కూర్చోబెట్టిండు. దిగి వచ్చి కిటికీ కింద నిలబడ్డడు. రొట్టెల మూట ఏ పక్కన ఉన్నదో, రైల్లో ఎవరు ఏమిచ్చినా తినొద్దని, చలిగాలికి చెవులు కట్టుకొమ్మని, చెప్పినవే మళ్ళీ చెప్పిండు. ఆమె ఊఁ, ఊఁ అంటున్నది గానీ ఆమె కండ్లు అప్పుడే బస్సు ముందరి బోర్డు కోసం వెతుకుతున్నాయి. కండక్టర్ గంట కొట్టిండు. బస్సు కదిలింది. పేతురు చువ్వ పట్టుకొని రెండు అడుగులు వెంట నడిచిండు.

ఊరికి పోయే మనిషితో ఎవరూ పో అనరు, పోయి రా అంటరు. బతికున్న మనిషికి ఉట్టి పో చెప్పడం అపశకునమని పేతురుకు తెలుసు. సౌభాగ్యమ్మ కూడా ఆ మాట కోసమే తల బయటికి పెట్టి ఎదురు చూసింది. ఆయన చువ్వ వదిలిండు.

"పో, సౌభాగ్యా. పోయి రా అంటె నీ మనసు సగం ఈడనే ఉంటది. పో."